ఆదోనిని తీసేసినా ఆదోని డీలర్లు రిపోర్టులో ఎందుకు మిగిలిపోతున్నారు?

అనంతపురం నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లది విత్తనాలు, పురుగుమందులు పంపిణీ చేసే సంస్థ. ఒరాకిల్ డేటాబేస్‌లో 'యూనిట్లు' అని ఒకే టేబుల్ ఉంది. హెడ్ ఆఫీసు, దాని కింద ప్రాంతీయ ఆఫీసులు, వాటి కింద డీలర్లు, అందరూ అందులోనే. ప్రతి రికార్డులో తన పైవాడి ఐడీ (పేరెంట్_ఐడీ) ఉంటుంది. ఆదోని ఆఫీసు మూసేశారు కాబట్టి రిపోర్టు నుంచి ఆ కొమ్మ మొత్తం తీసెయ్యమని మేనేజరు చెప్పారట. ఈయన వేర్ క్లాజులో (ఏ రికార్డులు రావాలో షరతు రాసే చోటు) పేరు <> 'ఆదోని', అంటే పేరు ఆదోని కానివి మాత్రమే రావాలి, అని పెట్టారు. ఆదోని ఒక్కటే పోయింది. ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి డీలర్లు పైన దిక్కు లేకుండా అలాగే కనిపిస్తున్నారు. "ఎక్కడ తప్పు చేస్తున్నానన్నా? వచ్చే ఏడాది పోస్ట్‌గ్రెస్‌కు మారుతున్నాం, అక్కడా ఇదే తంటానా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఆ షరతును వేర్ నుంచి తీసేసి కనెక్ట్ బై (పైవాడి నుంచి కిందివాడికి ఎలా దిగాలో చెప్పే భాగం) లోపల పెట్టండి. కొమ్మంతా పోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే రికర్సివ్ క్వెరీ (తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడుస్తూ మెట్టు మెట్టుగా దిగే క్వెరీ) రెండో భాగంలో, అంటే యూనియన్ ఆల్ తర్వాతి సెలెక్ట్‌లో పెట్టాలి. రాయడం మారుతుంది గానీ సూత్రం ఒక్కటే.

(కీవర్డులన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు మామూలుగా ఎలా రాస్తారో అలాగే రాసుకోండి.)

మీ టేబుల్ ఇలా ఉందనుకుందాం. 1 కర్నూలు హెడ్ ఆఫీసు, దానికి పైవాడు లేడు కాబట్టి దాని పేరెంట్_ఐడీ నల్, అంటే విలువే లేదు. దాని కింద 2 ఆదోని, 3 పత్తికొండ, 4 డోన్. ఆదోని కింద ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి. పత్తికొండ కింద ఆలూరు, ఆస్పరి, తుగ్గలి. డోన్ కింద ప్యాపిలి, బేతంచెర్ల. మొత్తం 12 రికార్డులు.

మీరు రాసినది ఇది (లెవెల్ అంటే చెట్టులో ఎన్నో మెట్టు):

సెలెక్ట్ ఐడీ, పేరు, లెవెల్
ఫ్రమ్ యూనిట్లు
వేర్ పేరు <> 'ఆదోని'
స్టార్ట్ విత్ పేరెంట్_ఐడీ ఈజ్ నల్
కనెక్ట్ బై ప్రయర్ ఐడీ = పేరెంట్_ఐడీ

దీనికి 11 రికార్డులు వస్తాయి. రాయాల్సింది ఇది:

సెలెక్ట్ ఐడీ, పేరు, లెవెల్
ఫ్రమ్ యూనిట్లు
స్టార్ట్ విత్ పేరెంట్_ఐడీ ఈజ్ నల్
కనెక్ట్ బై ప్రయర్ ఐడీ = పేరెంట్_ఐడీ అండ్ పేరు <> 'ఆదోని'

దీనికి 8 వస్తాయి. ఆదోని, దాని కింది ముగ్గురు, నలుగురూ పోయారు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియకపోతే రేపు ఇంకో రిపోర్టులో మళ్లీ ఇదే సమస్య ఎదురవుతుంది. క్వెరీలో వేర్ పైన రాస్తాం, కనెక్ట్ బై కింద రాస్తాం. ఒరాకిల్ మాత్రం ఆ వరుసలో పని చెయ్యదు. జాయిన్ (టేబుళ్లను కలపడం) ఉంటే ముందు దాన్ని పూర్తి చేస్తుంది. ఆ తర్వాత స్టార్ట్ విత్ (నడక ఎక్కడ మొదలవ్వాలో చెప్పేది), కనెక్ట్ బైలతో చెట్టు మొత్తం నడిచి వస్తుంది. అంతా అయ్యాక, జాయిన్‌కు సంబంధం లేని మిగతా వేర్ షరతులతో ఒక్కో రికార్డునూ విడివిడిగా పరీక్షిస్తుంది. మీ షరతు దగ్గరికి వచ్చేసరికి ఎమ్మిగనూరు ఇప్పటికే ఆదోని మీదుగా చెట్టులోకి వచ్చేసింది. 'నీ పేరు ఆదోనా?' అని ఎమ్మిగనూరును అడిగితే కాదంటుంది. అది ఉండిపోతుంది.

కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కింద వ్యవసాయం చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పిల్లకాలువ తూము మూసేస్తే దాని కింది పొలాలకు నీళ్లే రావు. నీళ్లన్నీ పారాక ఒక్క మడి లెక్క మాత్రం పుస్తకంలో రాయకపోతే, మిగతా మళ్లు తడిసే ఉంటాయి. కనెక్ట్ బైలో పెట్టిన షరతు తూము, వేర్‌లో పెట్టినది పుస్తకం.

అసలు 'తీసెయ్యడం' అంటే ఏమిటో ముందు మేనేజరును అడగండి. నేను ఒరాకిల్ 8ఐ కాలం నుంచి ఇలాంటి రిపోర్టులు రాస్తున్నాను. చాలాసార్లు కోడింగ్ కంటే ఈ ఒక్క మాట తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. 'ఆదోని తీసెయ్' అన్న మాటకు కనీసం నాలుగు అర్థాలున్నాయి.

మొదటిది, ఆదోనీ దాని కింద ఉన్నదంతా పోవాలి. పైన రాసిన క్వెరీ దానికే.

రెండోది, ఆదోని కనిపించాలి, కింది డీలర్లు వద్దు. మూసేసిన ఆఫీసు పేరు చూపించి దాని దగ్గరే ఆపెయ్యాలన్నప్పుడు ఇది కావాలి. ఇక్కడ మార్పు ఒక్క మాటే: పేరు <> 'ఆదోని' బదులు ప్రయర్ పేరు <> 'ఆదోని'. ప్రయర్ అంటే పైవాడు. 'నీ పైవాడు ఆదోని అయితే నువ్వు రావద్దు' అని చెప్పినట్టు. ఆదోని పైవాడు కర్నూలు కాబట్టి ఆదోని వస్తుంది, ఎమ్మిగనూరు ఆగిపోతుంది. 9 రికార్డులు వస్తాయి. ఈ ఒక్క మాట పెట్టామా లేదా అన్నదాని మీదే ఫలితం మారిపోతుంది కాబట్టి కోడ్ రివ్యూలో దీన్ని కళ్లు పెట్టి చూడండి.

మూడోది, ఆదోని మాత్రమే పోవాలి, డీలర్లు ఉండాలి. మీ వేర్ క్వెరీ చేస్తున్నది ఇదే, కాబట్టి అది ప్రతిసారీ తప్పు కాదు. అయితే లెవెల్ 1 నుంచి నేరుగా 3కు దూకుతుంది, ఇండెంటేషన్ చూసి చదివేవాడు తికమకపడతాడు.

నాలుగోది, ఆదోని పోయి, ఆ డీలర్లు నేరుగా కర్నూలు కింద చేరినట్టు కనిపించాలి. ఇది శాశ్వత మార్పయితే రిపోర్టులో గారడీ చెయ్యకుండా టేబుల్లోనే పేరెంట్ ఐడీ మార్చండి. తాత్కాలికమైతే, లేదా పాత ఏడాది లెక్కలకు ఆదోని ఇంకా కావాలంటే, రికర్సివ్ క్వెరీలో 'కనిపించే పైవాడు' అని ఒక కాలమ్ మోసుకెళ్లాలి. పైవాడు దాచాల్సిన వాడైతే వాడి 'కనిపించే పైవాడి'ని తీసుకో, కాకపోతే వాడి ఐడీనే తీసుకో అని కేస్ ఎక్స్‌ప్రెషన్. లెవెల్‌ను కూడా అలాగే మోసుకెళ్లి, దాచిన రికార్డు దగ్గర పెంచకుండా వదిలెయ్యాలి. దాచిన రికార్డులను చివర్లో బయటి వేర్‌లో తీసెయ్యాలి. ఇక్కడ వేర్ సరైన చోటే ఉన్నట్టు, ఎందుకంటే కొమ్మ బతకాలి.

మొదలు పెట్టే రికార్డుకు కనెక్ట్ బై షరతు వర్తించదు. మీ సంస్థలో కొన్ని రిపోర్టులు హెడ్ ఆఫీసు లేకుండా ప్రాంతీయ ఆఫీసుల నుంచే మొదలవుతాయని రాశారు. అక్కడ స్టార్ట్ విత్ పేరెంట్_ఐడీ = 1 అని ఉంటుంది. అలాంటప్పుడు ఆదోని స్వయంగా మొదటి రికార్డు. దాన్ని స్టార్ట్ విత్ తెచ్చింది, కనెక్ట్ బై పరీక్షించదు. దాని కింది ఎమ్మిగనూరును మాత్రం 'నీ పేరు ఆదోనా?' అని అడుగుతుంది, కాదు కాబట్టి వచ్చేస్తుంది. అంటే కనెక్ట్ బైలో షరతు పెట్టి కూడా 11 మందీ వస్తారు, ఒక్కరూ పోరు. మందు పనిచెయ్యలేదని అనుకుని జనం మళ్లీ వేర్‌కు పోతారు. ఇక్కడ షరతు రెండు చోట్లా ఉండాలి, స్టార్ట్ విత్‌లోనూ కనెక్ట్ బైలోనూ. నా అలవాటైతే ఎప్పుడూ రెండు చోట్లా పెట్టడమే. రేపు ఎవరైనా స్టార్ట్ విత్ మార్చినా క్వెరీ చెడదు.

నల్ విషయం. పేరుతో కాకుండా స్థితి అనే కాలమ్‌తో తీసేస్తే బాగుంటుంది కదా అని మీకు తోచే ఉంటుంది. స్థితి <> 'మూత' అని రాస్తాం. స్థితి నింపని రికార్డు ఉంటే? నల్‌ను దేనితో పోల్చినా నిజమూ కాదు, అబద్ధమూ కాదు, కాబట్టి షరతు నెగ్గదు. మామూలు క్వెరీలో ఆ ఒక్క రికార్డే పోతుంది. కనెక్ట్ బైలో దాని కింద ఉన్నదంతా పోతుంది. పత్తికొండ స్థితి ఎవరో నింపడం మర్చిపోతే ఆలూరు, ఆస్పరి, తుగ్గలి డీలర్లందరూ ఎర్రర్ మెసేజి కూడా లేకుండా మాయమవుతారు. టోటల్ తగ్గిందని ఎవరో పట్టుకునేదాకా తెలియదు.

పైగా ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ కూడా నల్లే. స్క్రీన్ మీద ఆ గడి ఖాళీగా వదిలి సేవ్ చేస్తే నల్ పడుతుంది. ఎన్‌వీఎల్ వాడి, స్థితి లేకపోతే 'నడుస్తోంది' అనుకొమ్మని రాయండి. పోస్ట్‌గ్రెస్‌కు మారాక ఖాళీ స్ట్రింగ్ ఖాళీ స్ట్రింగే, నల్ వేరు. అక్కడ కోలెస్ (ఎన్‌వీఎల్ లాంటిదే) గానీ, ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ 'మూత' అన్న పోలిక గానీ వాడండి. రెండోది నల్‌ను కూడా ఒక విలువలాగే పోలుస్తుంది కాబట్టి ఇక్కడ చక్కగా సరిపోతుంది. డేటా తరలించే రోజున ఈ కాలమ్‌లో ఖాళీలు, నల్లులు ఎలా వచ్చాయో తప్పకుండా చూసుకోండి.

తీసెయ్యాల్సినవి ఎక్కువైతే పేర్లన్నీ క్వెరీలో గుచ్చకండి. 'మినహాయింపులు' అని చిన్న టేబుల్ పెట్టుకుని అందులో ఐడీలు ఉంచండి. దాన్ని కనెక్ట్ బైలో ఇరికించకుండా, ముందే ఒక ఇన్‌లైన్ వ్యూలో వడకట్టడం నాకు నచ్చిన పద్ధతి. అంటే ఫ్రమ్ యూనిట్లు అనే చోట బ్రాకెట్లలో, మినహాయింపుల టేబుల్లో లేని యూనిట్లను మాత్రమే నాట్ ఎగ్జిస్ట్స్‌తో ఎంచుకుని, ఆ ఫలితం మీద కనెక్ట్ బై నడపడం. ఆదోని రికార్డే లేని టేబుల్లో ఎమ్మిగనూరుకు పైకి దారి లేదు, కాబట్టి దాన్ని ఎవరూ చేరలేరు. స్టార్ట్ విత్‌కు కూడా ఇదే వడపోత వర్తిస్తుంది, పైన చెప్పిన రెండు చోట్ల బెడద తప్పుతుంది. నాట్ ఇన్ మాత్రం వద్దు. మినహాయింపుల టేబుల్లో ఒక్క నల్ పడిందంటే నాట్ ఇన్ ఒక్క రికార్డునూ రానివ్వదు, రిపోర్టు మొత్తం ఖాళీ.

ఈ మినహాయింపుల టేబుల్ విలువ నాకు బాగా తెలిసొచ్చింది జిల్లాల విభజనప్పుడు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరుపడింది. మన దగ్గర ఒక పాల సేకరణ సంస్థకు జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, ఊరు, సేకరణ కేంద్రం అన్న వరుసలో చెట్టు ఉండేది. 'నంద్యాల తీసేసి కర్నూలు ఒక్కటే చూపించండి' అన్నారు. పాత చెట్టులో కర్నూలు జిల్లా కింద మూడు డివిజన్లు: కర్నూలు, నంద్యాల, ఆదోని. నంద్యాల డివిజన్ దగ్గర కొమ్మ నరికితే పని అయిపోతుందని అందరూ అనుకున్నారు. కానీ డోన్, ఆత్మకూరు, నందికొట్కూరు కొత్త నంద్యాల జిల్లాలోకి పోయినా, పాత చెట్టులో ఉన్నది కర్నూలు డివిజన్ కింద. నంద్యాల దగ్గర ఎంత శుభ్రంగా నరికినా అవి మిగిలే ఉంటాయి. అందుకే మండలం స్థాయిలో ఒక్కో ఐడీనీ మినహాయింపుల టేబుల్లో చేర్చాం. ఆ పట్టీని క్వెరీ తెలియని రెవెన్యూ అనుభవం ఉన్న మనిషి కూర్చుని సరిచూశారు. కోడ్‌లో పేర్లు గుచ్చి ఉంటే అలా చూపించే వీలుండేది కాదు. ఎక్కడ నరకాలన్నది డేటా తెలిసినవాళ్లు చెప్పాలి, దాన్ని వాళ్లు చదవగలిగే చోట పెట్టడం మన పని.

జాయిన్‌తో జాగ్రత్త. జాయిన్ ముందు జరుగుతుందని పైన చెప్పాను. దాని వల్ల వచ్చే సమస్య మీ ప్రశ్నకు అద్దంలో బొమ్మ లాంటిది. మీరు కొమ్మ పోవాలంటే పోలేదు. ఇక్కడ ఉండాల్సిన కొమ్మలు పోతాయి. యూనిట్ల టేబుల్‌ను ఈ నెల అమ్మకాల టేబుల్‌తో ఇన్నర్ జాయిన్ (రెండు టేబుళ్లలోనూ ఉన్నవే వచ్చే జాయిన్) చేసి, దాని మీద కనెక్ట్ బై పెట్టారనుకోండి. ప్రాంతీయ ఆఫీసులు నేరుగా అమ్మవు, అమ్మేది డీలర్లు. పత్తికొండ పేరు మీద అమ్మకం లేదు కాబట్టి జాయిన్‌లోనే పత్తికొండ రాలిపోతుంది, దాని వెనకే ఆలూరు, ఆస్పరి, తుగ్గలి అమ్మకాలతో సహా పోతాయి. హెడ్ ఆఫీసు పేరు మీద కూడా అమ్మకం లేకపోతే చెట్టే మొదలవదు. ఒకవేళ ఒక్కో యూనిట్‌కు అమ్మకాల టేబుల్లో చాలా రికార్డులుంటే ఇంకో రకం బాధ. పైవాడి ప్రతి రికార్డుకూ కింది ప్రతి రికార్డూ తగులుకుని, మెట్టు మెట్టుకూ గుణింతమై టోటల్ కొండెక్కుతుంది.

ఆన్ క్లాజులో (జాయిన్ షరతు రాసే చోటు) పెట్టిన వడపోత షరతు కూడా జాయిన్‌తో పాటే ముందు పనిచేస్తుంది, అంటే అది కొమ్మను నరుకుతుంది. అదే షరతును వేర్‌లోకి మారిస్తే రికార్డును మాత్రమే తీస్తుంది. మామూలు ఇన్నర్ జాయిన్లలో ఈ రెండూ ఒకటే అని నేర్చుకున్నాం కదా, ఈ రకం క్వెరీల్లో ఒకటి కాదు. ఎవరైనా కోడ్‌ను 'అందంగా' సర్దుదామని షరతులు అటూ ఇటూ జరిపితే ఫలితం మారిపోతుంది. నా సలహా, ముందు చెట్టును ఒక్కదాన్నే ఇన్‌లైన్ వ్యూలో కట్టండి, నరకాల్సినవి అక్కడే నరకండి, ఆ తర్వాత బయట మిగతా టేబుళ్లతో జాయిన్ చెయ్యండి.

ఇక పోస్ట్‌గ్రెస్ సంగతి. అక్కడ కనెక్ట్ బై లేదు. 8.4 వెర్షన్ నుంచి విత్ రికర్సివ్ ఉంది. మీ క్వెరీ ఇలా మారుతుంది (2 అంటే ఆదోని ఐడీ):

విత్ రికర్సివ్ చెట్టు యాజ్ (
సెలెక్ట్ ఐడీ, పేరు, 1 యాజ్ మెట్టు ఫ్రమ్ యూనిట్లు
వేర్ పేరెంట్_ఐడీ ఈజ్ నల్ అండ్ ఐడీ <> 2
యూనియన్ ఆల్
సెలెక్ట్ కింద.ఐడీ, కింద.పేరు, పైన.మెట్టు + 1
ఫ్రమ్ యూనిట్లు కింద జాయిన్ చెట్టు పైన ఆన్ కింద.పేరెంట్_ఐడీ = పైన.ఐడీ
వేర్ కింద.ఐడీ <> 2
)
సెలెక్ట్ * ఫ్రమ్ చెట్టు

మొదటి సెలెక్ట్ స్టార్ట్ విత్ పని చేస్తుంది. యూనియన్ ఆల్ తర్వాతది కనెక్ట్ బై పని. బ్రాకెట్ల బయట చివరి సెలెక్ట్‌కు మీరు వేర్ పెడితే అది మీ పాత వేర్‌లాగే ప్రవర్తిస్తుంది, ఆదోని పోతుంది, డీలర్లు ఉంటారు. ఆదోని ఉండి డీలర్లు పోవాలంటే కింద.ఐడీ <> 2 బదులు పైన.ఐడీ <> 2 అని రాయాలి, ప్రయర్‌కు బదులు అదే. చదివేవాడికి ఏ షరతు ఎప్పుడు నడుస్తుందో కళ్లకు కనపడుతుంది కాబట్టి నాకు ఈ రూపమే ఇష్టం. ఒరాకిల్‌లో కూడా 11జీ రిలీజ్ 2 నుంచి ఇది రాయొచ్చు. అక్కడ రికర్సివ్ అన్న మాట ఉండదు, విత్ పేరు పక్కన కాలమ్‌ల జాబితా ఇవ్వాలి. వచ్చే ఏడాది మారేటట్లయితే కొత్త రిపోర్టులు ఇప్పటినుంచే ఇలా రాసుకోండి, తరలింపులో సగం పని తగ్గుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2005 నుంచి ఇదే పద్ధతి.

ఒకే పైవాడి కింది రికార్డులను వరుసలో పెట్టే ఆర్డర్ సిబ్లింగ్స్ బై మాత్రం పోస్ట్‌గ్రెస్‌లో దొరకదు. ఒక్కో మెట్టులో ఐడీలను అర్రేలో పోగుచేసుకుంటూ వెళ్లి, చివర్లో దాని మీద సార్ట్ చెయ్యాలి. 14వ వెర్షన్ నుంచి సెర్చ్ డెప్త్ ఫస్ట్ అని ఆ పనిని అదే చేసిపెట్టే క్లాజు వచ్చింది.

గుండ్రంగా తిరిగే డేటా గురించి కూడా రెండు మాటలు. ఎమ్మిగనూరు పైవాడు ఆదోని, ఆదోని పైవాడు పొరపాటున ఎమ్మిగనూరు అయితే, అక్కడికి చేరిన క్వెరీ తిరుగుతూనే ఉంటుంది. ఒరాకిల్ దీన్ని పట్టుకుని ఓఆర్ఏ-01436 ఇస్తుంది, నోసైకిల్ పెడితే ఆ చుట్టు దగ్గర ఆగి ముందుకు పోతుంది. ఇక్కడ గమనించాల్సింది, మీరు నరికిన కొమ్మ లోపల చుట్టు ఉంటే ఎర్రర్ కూడా కొమ్మతో పాటే పోతుంది, ఎందుకంటే క్వెరీ అటు అడుగే పెట్టదు. రిపోర్టు బాగైపోయిందని సంబరపడకండి, డేటా ఇంకా చెడిపోయే ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో యూనియన్ ఆల్ బదులు యూనియన్ రాస్తే ఒకసారి వచ్చిన రికార్డు మళ్లీ రాదు కాబట్టి చుట్టు ఆగుతుంది. కానీ పైన నేను రాసినట్టు మెట్టు కాలమ్ మోసుకెళ్తే ప్రతి చుట్టుకూ మెట్టు మారి రికార్డు కొత్తదిగా కనిపిస్తుంది, ఆగదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా 100 మెట్ల దగ్గర, మైఎస్‌క్యూఎల్ 1000 దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆపేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి హద్దు లేదు, జాగ్రత్త మనదే.

ఒకే యూనిట్‌కు ఇద్దరు పైవాళ్లుంటే ఇప్పటిదాకా చెప్పిన మందు సగమే పనిచేస్తుంది. మీ డీలర్ల చెట్టులో ఇది లేదనుకుంటా, కానీ చదివే వేరేవాళ్లకు పనికొస్తుంది. అనంతపురం వైపు పంపుసెట్లు తయారుచేసే ఒక యూనిట్‌లో విడిభాగాల జాబితా ఇలా ఉండేది. బేరింగు మోటారు అసెంబ్లీలోనూ ఉంది, పంపు అసెంబ్లీలోనూ ఉంది. ఖర్చు లెక్కలో మోటారు కొమ్మ నరికినా బేరింగు పంపు దారిలో వచ్చింది. అది సరైనదే, పంపుకు నిజంగా బేరింగు కావాలి. ఇంకో రిపోర్టులో మాత్రం 'మోటారుకు సంబంధించిన భాగం ఏదీ, ఎక్కడా రాకూడదు' అన్నారు. అప్పుడు కొమ్మ నరకడం చాలదు. ముందు మోటారు నుంచి కిందికి నడిచి దాని కింద ఉన్న ఐడీలన్నీ ఒక పట్టీ వెయ్యాలి. తర్వాత అసలు చెట్టు నడిచేటప్పుడు ఆ పట్టీలో ఉన్నవాటిని నాట్ ఎగ్జిస్ట్స్‌తో తీసెయ్యాలి. మైనస్‌తో తీసేవాళ్లు ఉంటారు, పోస్ట్‌గ్రెస్‌లో ఎక్సెప్ట్. అవి డూప్లికేట్లను కలిపేస్తాయి, చెట్టు వరుసను ఉంచవు, కాబట్టి చూపించే రిపోర్టుకు నేను వాడను. 'ఫలానా బేరింగు ఉన్న అసెంబ్లీ ఏదీ వద్దు' అంటే నడక దిశే తిరగాలి. బేరింగు దగ్గర మొదలుపెట్టి పైకి పోయి, దారిలో తగిలిన వాటిని పట్టీ వేసుకోవాలి.

మీకు ఎవరో కింద కామెంట్‌లో సిస్_కనెక్ట్_బై_పాత్ (మొదటి రికార్డు నుంచి ఇక్కడిదాకా వచ్చిన దారి) తీసుకుని, ఆ దారిలో ఆదోని ఉన్నవాటిని నాట్ లైక్‌తో బయట వడకట్టమన్నారు. అది తప్పు ఫలితం ఇవ్వదు, సరిగ్గా రాస్తే. ఐడీలతో దారి కట్టి '/1/2%' అని లైక్ రాస్తే 2తో పాటు 20, 21, 200 కూడా పోతాయి. దారి చివర కూడా గీత కలిపి '/1/2/%' అని వెతకాలి. ఇంకో లోటు, ఇది చెట్టు మొత్తం నడిచాకే తీసేస్తుంది. నరికే కొమ్మ పెద్దదైతే పనంతా చేసి పారబోసినట్టే. అసలు కొమ్మ ఏదో ముందు తెలియదు, దారి చూశాకే తేలాలి అన్న సందర్భంలో మాత్రం ఇది పనికొస్తుంది.

లోతు హద్దు కూడా ఇదే కథ. లెవెల్ <= 3 అన్న షరతును వేర్‌లో పెట్టినా కనెక్ట్ బైలో పెట్టినా వచ్చే రికార్డులు ఒకటే, ఎందుకంటే నాలుగో మెట్టు కింద అన్నీ నాలుగు దాటినవే. కనెక్ట్ బైలో పెడితే మూడో మెట్టు దగ్గరే ఆగిపోతుంది, వేర్‌లో పెడితే అడుగుదాకా పోయి తిరిగొస్తుంది.

ఒక చిన్న సంగతి మీ సంస్థకు ప్రత్యేకంగా. డీలర్ల సంఖ్య లెక్కించడానికి కనెక్ట్_బై_ఈజ్‌లీఫ్ = 1 (కింద ఎవరూ లేని రికార్డు, అంటే ఆకు) అని వాడుతున్నామని రాశారు. ఆ ఆకు అన్నది టేబుల్లోని ఆకు కాదు, మీ కనెక్ట్ బై షరతు తయారుచేసిన చెట్టులోని ఆకు. ఆదోనిని ఉంచి కింద నరికితే ఆదోనే ఆకు అవుతుంది, డీలరుగా లెక్కలోకి వచ్చేస్తుంది. యూనిట్ రకం అని ఒక కాలమ్ పెట్టుకుని డీలర్లను దాంతో లెక్కించండి.

మార్చాక సరిచూడ్డానికి మూడు లెక్కలు తీయండి. ఏమీ నరకకుండా మొత్తం చెట్టు, ఆదోని నుంచి మొదలుపెట్టి దాని కింద మాత్రమే, నరికిన తర్వాత మిగిలిన చెట్టు. పై ఉదాహరణలో 12, 4, 8. చివరి రెండూ కలిపితే మొదటిది రావాలి. రాకపోతే నల్ గానీ జాయిన్ గానీ ఎక్కడో ఇంకో కొమ్మను కూడా తిన్నట్టే.

స్పీడు సంగతి కూడా అడిగారు. పేరెంట్_ఐడీ మీద ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే సూచిక) ఉందో లేదో ముందు చూడండి. ఫారిన్ కీ (ఆ ఐడీ టేబుల్లో నిజంగా ఉండాలన్న కట్టుబాటు) పెట్టినంత మాత్రాన ఒరాకిల్ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ ఆ కాలమ్ మీద ఇండెక్స్ తమంతట తాము వెయ్యవు. అది లేకపోతే ప్రతి మెట్టులోనూ టేబుల్ మొత్తం చదవాల్సి రావచ్చు. ప్రాంతీయ ఆఫీసుల నుంచి మొదలయ్యే రిపోర్టు స్టార్ట్ విత్ లైను, అమ్మకాల టేబుల్‌తో జాయిన్ చేసిన చోటూ ఇక్కడ పెట్టండి, షరతు ఏ లైనులో పడాలో చూసి చెప్తాను.